చుక్కాని పట్టిన పంగువు

పరాధీనుడైన జీవుడు కర్త కాగలడా అన్న ప్రశ్న భారతీయ దర్శనాలన్నిటికీ ఏదో ఒక దశలో ఎదురైంది. కర్త అంటే పని జరిగేటప్పుడు అక్కడ ఉన్నవాడని మాత్రమే కాదు, ఆ పనిని ఎటు మళ్లించాలో నిర్ణయించి దాని మంచిచెడ్డలకు బాధ్యత వహించగలవాడని అర్థం. ఈ ప్రశ్నను తేల్చడానికి సాంఖ్యులు ఎంచుకున్న ప్రసిద్ధ దృష్టాంతంలో నడవలేని మనిషి ఒకడున్నాడు. ఈశ్వరకృష్ణుడి సాంఖ్యకారికలో 21వ కారిక పురుషుడికీ ప్రకృతికీ కలిగే సంయోగాన్ని కుంటివాడికీ గుడ్డివాడికీ కుదిరిన పొత్తుతో పోలుస్తుంది. దీనినే పంగ్వంధ న్యాయం అంటారు. పురుషుడు చూడగలిగీ కదలని చైతన్యం, ప్రకృతి కదలగలిగీ చూడలేని జడశక్తి. కారికలకు భాష్యం రాసిన గౌడపాదుడు దీనిని చిన్న కథగా విస్తరించాడు: దొంగలు పడి చెదరగొట్టిన బిడారు నుంచి తప్పిపోయి, అయినవాళ్లు వదిలేయగా అడవిలో తిరుగుతున్న ఇద్దరు కలుసుకుంటారు, చూపు లేనివాడు నడక లేనివాణ్ణి భుజాల మీదికి ఎక్కించుకుంటాడు, పైనున్నవాడు దారి చెబుతుంటే కిందివాడు నడుస్తాడు, ఊరు చేరాక ఎవరి దారిన వారు పోతారు.

శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యం రెండో అధ్యాయం రెండో పాదంలో ఈ దృష్టాంతాన్ని తప్పుబట్టారు. కుంటివాడు నడవలేకపోయినా నోటితో దారి చెప్పి గుడ్డివాణ్ణి నడిపిస్తాడు, అంటే అతడు ఏదో ఒకటి చేస్తూనే ఉన్నాడు. సాంఖ్యుల పురుషుడు గుణమూ క్రియా లేని ఉదాసీనుడు కనుక ప్రకృతిని ఏ విధంగానూ ప్రవర్తింపజేయలేడు, కాబట్టి పోలిక పొసగదని ఆయన వాదం. ఆ ఖండన ఉద్దేశం సాంఖ్య సిద్ధాంతాన్ని కాదనడమే అయినా, ఆ క్రమంలో నడవలేని మనిషికి ఒక న్యాయం జరిగింది. నడక లేనంత మాత్రాన క్రియ లేదనుకోరాదని, దారి ఎరిగి చెప్పడం కూడా క్రియేనని అక్కడ అంగీకారమైంది. శాస్త్రగ్రంథాలు పంగువును, అంటే కాళ్లు సాగని మనిషిని, ఇతర విషయాలను వివరించడానికి ఎంతగానో వాడుకున్నాయి గానీ, ఆ మనిషి అనుభవం ఆ శాస్త్రానికి తిరిగి ఏమి నేర్పగలదని అడిగిన సందర్భాలు అరుదు. చలన వైకల్యం గలవారు నడపడానికి వీలుగా మలచిన తెరచాప పడవ ఆ ప్రశ్న అడగడానికి తగిన తావు.

మామూలు చిన్న తెరచాప పడవలో గాలి తెరచాపను ఒక పక్కకు నెట్టగానే పడవ ఒరుగుతుంది. నడిపే మనిషి ఎదుటి అంచు మీదికి చప్పున జరిగి, పాదాలను పట్టీ కింద ఇరికించి, నడుమును నీటి మీదికి వెనక్కి వాల్చి తన ఒంటి బరువుతో దానిని నిలబెట్టాలి. కాళ్లూ నడుమూ సహకరించనివారిని ఈ క్రీడకు ప్రధానంగా దూరం చేసింది ఈ పనే. ఆస్ట్రేలియాకు చెందిన క్రిస్ మిచెల్ రూపొందించిన హాన్సా రకం పడవల్లో ఆ బరువు మనిషి నుంచి పడవకు మారింది. పడవ అడుగు నుంచి నీటిలోకి నిలువుగా దిగే పలకకు తగినంత బరువు కూర్చడం వల్ల, గాలి ఎంత ఒరిగించినా పడవ తనంతట తాను సర్దుకుంటుంది. నడిపేవారు పడవ గర్భంలో, నీటిమట్టానికి దగ్గరగా, గుడ్డతో వేలాడదీసిన ఆసనంలో ముందుకు ముఖం పెట్టి కూర్చుంటారు. ఎదురుగా మోకాళ్ల మధ్య నిలిచిన చిన్న కర్రను కుడికి నొక్కితే పడవ కుడికి, ఎడమకు నొక్కితే ఎడమకు తిరుగుతుంది. తెరచాప తాళ్లు చేతికందే దూరంలోనే ఉంటాయి, గాలి హెచ్చినప్పుడు తెరచాపను స్తంభానికే చుట్టి తగ్గించుకోవచ్చు. హాన్సా 303 అనే రకం పొడవు మూడు మీటర్లకు కాస్త ఎక్కువ, అందులో ఇద్దరు పక్కపక్కన కూర్చోవచ్చు. చేతుల్లో బలం లేనివారికి తాళ్లు లాగే పనిని విద్యుత్తు మోటార్లు చేస్తాయి. చక్రాల కుర్చీ నుంచి పడవలోకి దింపడానికి గట్టు మీద జోలె పట్టీ కట్టిన చిన్న క్రేను ఉంటే చాలు.

మెడ కిందికి శరీరం స్వాధీనంలో లేని ఆంగ్ల వనిత హిలరీ లిస్టర్ 2005లో ఇంగ్లిష్ ఛానల్‌ను తెరచాప పడవలో ఒంటరిగా దాటారు, 2009లో బ్రిటన్ దీవి చుట్టూ మజిలీలుగా ప్రయాణం పూర్తి చేశారు. ఆమె పడవను నడిపింది నోటి ముందు అమర్చిన గొట్టాల సాయంతో: ఊపిరి ఊదితే ఒక ఆజ్ఞ, పీలిస్తే మరొక ఆజ్ఞ. వెనక సహాయక పడవ వస్తూనే ఉంది, మజిలీ మజిలీకీ ఆమెను దింపి ఎక్కించే బృందమూ ఉంది. అయినా ఆ ప్రయాణాన్ని ఆమె ఒంటరిగా చేసిందని లోకం అన్నది, అది సరైన మాటే. గాలి తిరిగినప్పుడు తెరచాపను ఎంత వదలాలో, కెరటం ఎదురైనప్పుడు ఎటు మళ్లాలో నిర్ణయించింది ఆమె ఒక్కతే. శంకరులు పంగువుకు ఒప్పుకొన్న మాట ఇక్కడ ఊపిరి రూపంలోకి కుదించుకుపోయింది, అయినా కర్తృత్వం మాత్రం కించిత్తు కూడా తగ్గలేదు.

ఇక్కడ గాలిని గురించి కొంత చెప్పుకోవాలి. గీత రెండో అధ్యాయంలో ఇంద్రియాల వెంట పోయే మనసు ప్రజ్ఞను లాగుకుపోవడానికి ఉపమానం నీటి మీది నావను లాగుకుపోయే గాలి. అక్కడ గాలి మనిషి నిగ్రహానికి శత్రువు. తెరచాప నడిపేవారికి గాలి అటువంటిది కాదు. ఏ తెరచాప పడవా గాలికి నేరుగా ఎదురు పోలేదు, కానీ గాలి వచ్చే దిక్కుకు దాదాపు 45 డిగ్రీల ఏటవాలులో ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు మలుపులు తీసుకుంటూ గాలి పుట్టిన చోటికే చేరుకోగలదు. తెరచాప వంపు ఒక వైపు లాగుతుంటే నీటిలోని పలక పక్కకు జారకుండా ఆపుతుంది, ఈ రెండు బలాల నడుమ పడవ ముందుకు జారుతుంది. గమనించవలసింది ఏమిటంటే, పడవను కదిలించే శక్తిలో ఒక్క వీసం కూడా నడిపేవారిది కాదు. ఒలింపిక్ పతకం గెలిచినవారైనా గాలిని పుట్టించలేరు. నీటి మీద అందరూ సాంఖ్యుల పంగువు వంటివారే, చూడగలరు గానీ స్వయంగా కదల్లేరు. కాళ్లున్నవారూ లేనివారూ అన్న భేదం నేల మీద ఎంత పెద్దదైనా, తెరచాప కింద అది దాదాపు ఏమీ కాదు.

పరాధీన కర్తృత్వం అనే భావనను అన్నిటికన్నా తేటగా నిలబెట్టిన సంప్రదాయం ద్వైతం, దానికి తెలుగునాట ప్రధాన క్షేత్రం కర్నూలు జిల్లాలో తుంగభద్ర ఒడ్డునున్న మంత్రాలయం. మధ్వాచార్యులు తత్త్వసంఖ్యానంలో ఉన్నదంతా స్వతంత్రం, అస్వతంత్రం అని రెండు తెగలుగా విభజించి, స్వతంత్రుడు విష్ణువు ఒక్కడేనని నిర్ణయించారు. ఆ విభజనలో చక్రవర్తీ బిచ్చగాడూ, కొండలెక్కేవాడూ మంచం దిగలేనివాడూ ఒకే గీత కింద ఉంటారు. అస్వతంత్రుడైనంత మాత్రాన జీవుడు జడపదార్థం కాదు, అతడికి కర్తృత్వం ఉంది, అయితే అది పరమాత్మ అధీనంలో ఉంటుందని ఈ మతం చెబుతుంది. పైగా ఈ సంప్రదాయంలో జీవులందరిలోనూ ఉత్తముడు వాయుదేవుడు, మధ్వాచార్యులే ఆయన అవతారమని విశ్వాసం. తన బలం తనది కాదని తెలిసీ దిశను తానే ఎంచుకునేవాడి స్థితిని వర్ణించడానికి ఇంతకన్నా దగ్గరి పరిభాష మరెక్కడా దొరకదు. స్వయంసమృద్ధిని మనిషి గౌరవానికి కొలమానంగా పెట్టిన ఆధునిక ఆలోచనను అలస్‌డేర్ మకింటైర్ వంటి పాశ్చాత్య తాత్త్వికులు 1990ల చివర విమర్శించి, పసితనంలో, రోగంలో, ముసలితనంలో ప్రతి మనిషీ పరాధీనుడేనని గుర్తు చేశారు. మంత్రాలయం దారిన పోయే సామాన్య భక్తుడికి ఇది కొత్త సంగతి కాదు.

అదే క్షేత్రం ఇంకొక ప్రశ్నను కూడా లేవనెత్తుతుంది. 1671 శ్రావణ బహుళ విదియనాడు ద్వైత గురువు రాఘవేంద్రస్వామి బృందావన ప్రవేశం (సజీవ సమాధి) చేస్తున్నారని విని, ఆవలి ఒడ్డునున్న శిష్యుడు అప్పణాచార్యులు వరద మీదున్న తుంగభద్రను స్తోత్రం చదువుతూ ఈది దాటాడని సంప్రదాయం. ఆ రాఘవేంద్ర స్తోత్రంలో గురుకృప వల్ల అంధుడికి చూపు, మూగవాడికి వాక్కు కలుగుతాయన్న హామీ ఉంది. పంగువు కొండ దాటుతాడన్న భావం గల ప్రార్థన శ్లోకం ఏ ఊరి భజనలోనైనా వినిపిస్తుంది. ఇటువంటి వాక్యాలు ఆర్తులకు ఇచ్చే ఊరటను తక్కువ చేయడం తగదు. అయితే అవి వైకల్యాన్ని తొలగిపోవలసిన దోషంగానే చూస్తాయి కనుక, తొలగని వైకల్యంతో నిండు జీవితం గడిపేవారికి వాటిలో చోటు ఇరుకవుతుంది. కొండ దాటించడమే కృప అయినప్పుడు, కాళ్లు మారకుండానే కొండ దాటించే సాధనాన్ని కల్పించడం కూడా కృపే కావాలి.

వైకల్యం పూర్వజన్మ కర్మఫలమన్న మాట కర్నూలు, కడప పల్లెల్లోనూ పట్నాల్లోనూ నేటికీ తరచు వినబడుతుంది. చాలాసార్లు అది జాలితో అన్నట్లే ఉంటుంది గానీ, గడపకు వాలు కట్టించకపోవడానికీ బడికి పంపకపోవడానికీ సాకుగా మారుతుంది. ఇతిహాసమే ఈ మాటను సమర్థించదు. మహాభారతం అరణ్యపర్వంలోని అష్టావక్రుడు ఎనిమిది వంకరలతో పుట్టింది తన పాపం వల్ల కాదు, గర్భంలో ఉండి తండ్రి అధ్యయనంలో తప్పు ఎత్తిచూపగా ఆ తండ్రికి వచ్చిన కోపం వల్ల. నన్నయ తెలుగు చేసిన ఆదిపర్వంలో అనూరుడు, అంటే తొడలు లేనివాడు, అలా పుట్టింది కద్రువ సంతానాన్ని చూసి తాళలేక వినత తన అండాన్ని కాలం నిండకముందే పగలగొట్టడం వల్ల. ఒకచోట తండ్రి ఆగ్రహం, మరొకచోట తల్లి తొందరపాటు: రెండు కథలూ కారణాన్ని చుట్టూ ఉన్నవారి చేతల్లోనే చూపించాయి. భారతదేశం పోలియో రహిత దేశంగా ధ్రువీకరణ పొందింది 2014లో, కాబట్టి ఆ వ్యాధితో కాళ్లు చచ్చుబడినవారిలో అత్యధికులు చుక్కల మందు సకాలంలో చేరని తరాలవారు. రాయలసీమలో కొన్నిచోట్ల భూగర్భజలాల్లోని ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి తాగినవారి ఎముకలను బిగబట్టి నడకను హరిస్తుంది. మంచినీళ్లు ఇవ్వవలసినవారు ఇవ్వనిదానికి తాగినవారి పూర్వకర్మను నిందించడం కర్మసిద్ధాంతానికే అపచారం.

ఆ రెండు కథల ముగింపులు మాత్రం ఒకటి కావు. అష్టావక్రుడు జనకుడి సభలో ఆస్థాన పండితుడు వందిని వాదంలో ఓడించి, అంతకుముందు అతడి చేతిలో ఓడి నీట మునిగిన తండ్రిని విడిపించాక, సమంగా నదిలో స్నానం చేసి వంకరలు పోగొట్టుకుంటాడు. జ్ఞానంలో గెలిచినవాడికి శరీరం కూడా సరికావాలని కథకుడికి అనిపించి ఉండాలి. అనూరుడికి తొడలు మొలవవు. అతడు ఉన్నవాడు ఉన్నట్లుగానే సూర్యరథానికి సారథి అవుతాడు. ఏడు గుర్రాలు లాగే రథం మీద కూర్చున్న సారథికి తొడలతో పని లేదు, పగ్గాలు పట్టే చేతులూ దారి ఎరిగిన కళ్లూ చాలు. తెరచాప పడవలో చుక్కాని పట్టినవారికి పురాణంలో పూర్వికుడెవరని అడిగితే అనూరుణ్ణే చెప్పాలి. అష్టావక్రుడి కథ కన్నా ఇది తాత్త్వికంగా ముందడుగు వేసిన కథ. శరీరాన్ని పనికి తగినట్లు మార్చకుండా, శరీరానికి తగిన పనినీ ఆసనాన్నీ చూపించిందది.

కర్నూలు, కడప సీమలో ఈ చర్చ ఊహామాత్రం కాదు. ఈ నేల కరవుకు పేరుపడినా నీటి మీద రాకపోకలు ఇక్కడ పాతవే. తుంగభద్ర, కృష్ణ రేవుల్లో తిరిగే పుట్టిని వెదురు బద్దలతో గుండ్రంగా అల్లి, పూర్వం తోలుతో, ఇప్పుడు పట్టాలతో కప్పుతారు. దానికి ముందూ వెనకా ఉండవు. ఎక్కినవారు అడుగున గొంతుకూర్చునో, కాళ్లు ముడుచుకునో ఉండవలసిందే, లేచి నిలబడితే పుట్టి తిరగబడుతుంది. నడవగల శక్తిని గట్టు మీదే వదిలి రమ్మనే వాహనమది. సర్ ఆర్థర్ కాటన్ ఆలోచనతో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1860లలో తవ్వించిన కర్నూలు-కడప కాలువ, జనం నోట కె.సి. కెనాల్, సుంకేసుల ఆనకట్ట నుంచి కడప దాకా సుమారు 300 కిలోమీటర్లు సాగేది, సేద్యంతో పాటు పడవల రవాణా కోసం కూడా ఉద్దేశించినదే. అందుకోసమే దారిలో లాకులు కట్టారు. రవాణా లాభించక ఆగిపోయింది, నష్టాల్లో పడిన కంపెనీ నుంచి ప్రభుత్వం 1882లో కాలువను కొనుక్కుంది.

శ్రీశైలం జలాశయం ఒడ్డున సంగమేశ్వరం సంగతి ఇంకా లోతైనది. ఏడు నదులు కలిసే చోటుగా పేరున్న ఆ గుడిలో వేపకర్ర లింగాన్ని కొలుస్తారు. జలాశయం నిండినప్పుడు గుడి నీట మునుగుతుంది, నీరు తగ్గిన వేసవిలో బయటపడుతుంది. బయటపడిన నెలల్లో భక్తులు నడిచి గర్భగుడి దాకా వెళతారు, శిఖరం మాత్రమే కనిపించే నెలల్లో ఎంతటి నడకగాడికైనా పుట్టో పడవో తప్ప దారి లేదు. భక్తుడు మారలేదు, దేవుడు మారలేదు, నడుమ నేల ఒక్కటే మారింది, దానితో దర్శనానికి సమర్థుడెవరన్న లెక్క మారిపోయింది. వైకల్యం శరీరంలో ఎంత ఉందో, శరీరానికీ చోటుకూ నడుమ కుదరని పొత్తులో అంతకన్నా ఎక్కువ ఉందని వికలాంగుల హక్కుల ఉద్యమం 1970ల నుంచి వాదిస్తున్న మాటను సంగమేశ్వరం ఏటా రుజువు చేస్తున్నది.

ఎగువ అహోబిలం కొండల్లో జ్వాలా నరసింహుడి దర్శనానికి నడవలేనివారిని డోలీల్లో మోసుకుపోతారు. రాళ్ల దారిలో, సెలయేటి అంచున మనుషులు భుజాలు కాయలు కాసేలా చేసే ఆ సేవ గొప్పది. కానీ డోలీలో కూర్చున్నవారిని ఎవరూ దారి అడగరు. ఎప్పుడు ఆగాలో, ఎక్కడ నీడన దింపాలో బోయీలు నిర్ణయిస్తారు. సాంఖ్యుల పంగువుకు ఉన్న పాటి అధికారం కూడా అక్కడ లేదు. చేర్చడం వేరు, నడిపే వీలు కల్పించడం వేరు, మతసంస్థల దయాధర్మం ఇప్పటికీ ఎక్కువగా మొదటి దగ్గరే ఆగి ఉంది. భారతదేశం 2007లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడిక 30వ అధికరణం వినోదంలో, విరామంలో, క్రీడల్లో సమాన భాగస్వామ్యాన్ని హక్కుగా గుర్తించింది. 2016 నాటి మన వికలాంగుల హక్కుల చట్టం కూడా సంస్కృతికీ క్రీడలకూ వేర్వేరు సెక్షన్లు కేటాయించింది. హక్కు కాగితం మీద ఎంత పెళుసో చెప్పడానికి పారాలింపిక్స్ చాలు: 2000 సిడ్నీ నుంచి 2016 రియో దాకా పతకాల క్రీడగా ఉన్న తెరచాప పందేలను, తగినన్ని దేశాల్లో విస్తరించలేదన్న కారణంతో తర్వాతి క్రీడల నుంచి తప్పించారు. పడవ లేని దేశాల్లో క్రీడ పెరగదు, క్రీడ పెరగని చోటికి పడవ రాదు.

తాగునీటికే కటకటపడే సీమలో నీటి మీద విహారమేమిటన్న ఆక్షేపణ తేలిగ్గా తీసేయదగ్గది కాదు. శ్రీశైలం జలాశయం కోసం ఊళ్లు వదిలిన కుటుంబాలున్న నేల ఇది. అయినా తెరచాప పడవ చుక్క నీరు తాగదు, చుక్క నూనె కలపదు. వర్షచ్ఛాయలో ఉన్న ఈ సీమ మీదుగా వాన తేకుండా దాటిపోయే నైరుతి గాలులే దానికి ఇంధనం. రాయలసీమలోనే తిరుమల పుష్కరిణిలో ఏటా ఫాల్గుణంలో అయిదు రోజులపాటు స్వామిని తెప్ప మీద కూర్చోబెట్టి నీటిపై తిప్పుతారు. కరవు ఏళ్లలో కూడా దానిని దుబారా అని ఎవరూ అనలేదు, ఆడుకోవడం దైవానికి సహజమని లీలావాదం చెబుతుంది. దేవుడికి ఒప్పుకొన్న జలక్రీడను మనిషికి, అందులోనూ ఏళ్లకేళ్లు గది దాటని మనిషికి విలాసమని నిరాకరించడంలో న్యాయం కనబడదు.

ఇంకొక కఠినమైన ప్రశ్న మిగిలి ఉంది. దిశను ఎంచుకోవడమే కర్తృత్వమని ఇంతదాకా వాదించినప్పుడు, తీవ్రమైన బుద్ధిమాంద్యం వల్ల దిశను ఎంచుకోలేనివారి మాటేమిటి? వారిని తక్కువ చేసే ఏ సిద్ధాంతమైనా పైన చెప్పిన పొరపాటునే మరో మెట్టు మీద చేసినట్లవుతుంది. దీనికి కర్తృత్వం వైపు నుంచి పూర్తి జవాబు లేదు, భోక్తృత్వం వైపు నుంచి ఉంది. భోక్త అంటే అనుభవించేవాడు. దర్శనాలు జీవుణ్ణి కర్తగానూ భోక్తగానూ రెండు విధాలా చెప్పాయి. రెండు ఆసనాల పడవలో పక్కన కూర్చుని ముఖానికి గాలి తగిలినప్పుడు నవ్వే మనిషి ఆ ప్రయాణాన్ని నడపకపోయినా అది అతడిది కూడా.

శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు, వేసవిలో నీరు దానికి ఎంతో దిగువకు తగ్గుతుంది. ఈ తేడా వల్ల ఒడ్డు ఏడాది పొడుగునా జరుగుతూనే ఉంటుంది, ఒకచోట కట్టిన రాతి మెట్లు ఒక నెల నీటిలో, మరొక నెల నీటికి ఎంతో ఎగువన ఉంటాయి. చక్రాల కుర్చీ నీటి దాకా చేరాలంటే మట్టంతో పాటు లేచి దిగే తేలుడు జెట్టీ, దానికి గట్టు నుంచి కీలు మీద వాలే వంతెన కావాలి. అవుకు, గండికోట జలాశయాల్లో కూడా అటువంటిదే కావాలి. ఆ వంతెన వాలు ఎంత ఉంటే చేతులతో చక్రాలు తిప్పుకుంటూ ఎక్కగలరో, జెట్టీ అంచు పడవ ఆసనానికి ఎంత ఎత్తున ఉంటే దిగగలరో ఇంజనీర్లు పటం గీయకముందే చెప్పగలిగినవారు ఆ కుర్చీల్లో కూర్చునేవారే, శంకరులు పంగువుకు ఒప్పుకొన్న పని కూడా సరిగ్గా అదే.